ఆ వాక్యంలో తప్పు లేదు

శేషారత్నం దిల్‌సుఖ్‌నగర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. భర్త ఉద్యోగం కోసం ఏలూరు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు ఏర్పరచుకున్న మనిషి. బస్ డిపో వెనక సందులో ఉన్న పాత బిల్డింగులో మొదటి అంతస్తులో క్లాసులు, రెండో అంతస్తులో కాపురం. డిగ్రీ పిల్లలు, ఇంటర్వ్యూలకు తయారయ్యేవాళ్లు, కాల్ సెంటర్ ఉద్యోగం కావాలనుకునేవాళ్లు బ్యాచ్‌కు ముప్ఫై మంది దాకా వచ్చేవారు. సగం మంది నల్గొండ, ఖమ్మం పిల్లలు. సగం మంది గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చి ఇక్కడ పెరిగినవాళ్లు.

2010 జనవరిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వేడెక్కాక, ఆ సగమూ ఈ సగమూ వేరువేరు బెంచీల్లో కూర్చోవడం మొదలైంది. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. జడివాన పడే ముందు గాలి ఆగిపోయినట్టుండేది క్లాసు. వారానికి రెండు బందులు. రోజూ పేపర్లో ఎక్కడో ఒకచోట ఒక విద్యార్థి ఫొటో, కింద చనిపోయే ముందు వాడు రాసిపెట్టిన నాలుగు ముక్కలు. శేషారత్నం ఆ పేజీ చదవలేక తిప్పేసేది.

ఆ బుధవారం ఆమె ఒక జాతీయం చెబుతోంది.

"డయింగ్ అంటే చచ్చిపోవడమే. కానీ 'ఐ యామ్ డయింగ్ ఫర్ ఎ కప్ ఆఫ్ టీ' అని ఎవరైనా అంటే మీరు అంబులెన్స్ పిలవక్కర్లేదు. ఆ మనిషికి టీ కోసం ప్రాణం లాగేస్తోందని అర్థం. ఫర్ తర్వాత ఒక వస్తువు పెట్టండి, టు తర్వాత ఒక పని పెట్టండి. 'ఐ యామ్ డయింగ్ టు సీ యూ' అంటే నిన్ను చూడాలని తహతహలాడిపోతున్నాను అని. ఇంగ్లిష్ వాళ్లు రోజుకు పదిసార్లు వాడతారు ఈ మాట. ఏదీ, తలా ఒకటి చెప్పండి."

అలేఖ్య లేచి బిర్యానీ కోసం డయింగ్ అంది. అందరూ నవ్వారు. ఇంకొకడు జీతం కోసం అన్నాడు, ఇంకొకతె నిద్ర కోసం అంది. చాలా రోజుల తర్వాత క్లాసులో నవ్వు వినపడుతోందని శేషారత్నం సంతోషపడింది.

అప్పుడు చివరి బెంచీలోంచి గీత లేచింది. కొత్తపేట నుంచి వచ్చే పిల్ల. తండ్రి లచ్చయ్య పండ్ల మార్కెట్‌లో ట్రాలీ ఆటో నడుపుతాడు. మూడు నెలలుగా క్లాసుకు వస్తున్నా ఎప్పుడూ తనంతట తాను నోరు విప్పింది లేదు.

"మేడమ్, ఐ యామ్ డయింగ్ ఫర్ తెలంగాణ. కరెక్టేనా మేడమ్?"

నవ్వు ఆగిపోయింది. పైన ఫ్యాను కిర్రుమనడం వినపడింది. వెనక ఎవరో ఒక్కసారి చప్పట్లు కొట్టి మానేశారు.

ఏం చెప్పాలో శేషారత్నానికి తెలుసు. ఈ మాట టీకి, నిద్రకు, చిన్నచిన్న ఆశలకు వాడేది. నిజంగా మనుషులు ప్రాణాలు ఇస్తున్న దాని పక్కన పెడితే వినేవాళ్లకు ఉన్నదున్నట్టే వినపడుతుంది. అక్కడ వాడకూడదు అని చెప్పాలి. కానీ అలా చెబితే, ఆంధ్రా టీచరు తెలంగాణ పిల్ల మాటను ఆపేసినట్టవుతుందేమోనని భయం వేసింది. ముప్ఫై జతల కళ్లు తన మీదే ఉన్నాయి.

"వాక్యంలో తప్పు లేదు. కూర్చో" అని బోర్డు వైపు తిరిగిపోయింది. గంట కొట్టే ముందు, "రేపు బంద్ అంటున్నారు. ఎల్లుండికి తలా అయిదు వాక్యాలు రాసుకురండి. గైడుల్లోవి కాదు, మీ మనసులో ఉన్నవి రాయండి" అంది.

మర్నాడు పొద్దున పది గంటలకు కింద ఇనప గేటును ఎవరో దబదబా బాదుతున్నారు. బంద్ రోజున ఎవరొచ్చి ఉంటారా అని శేషారత్నం పైనుంచి తొంగిచూసింది. ఖాకీ చొక్కా, నుదుటంతా చెమట, కాళ్లకు చెప్పులు లేని మనిషి. ఎడంచేతిలో గీత నోట్‌బుక్కు, దాని అట్ట మీద ఇన్‌స్టిట్యూట్ ముద్ర. కుడిచేతిలో ఒక చింపిన కాయితం.

ఆమె గేటు తీసేలోపే అతను అడిగాడు. "నా బిడ్డ ఈడికొచ్చిందా టీచరమ్మా?"

"గీత నాన్నగారా? ఇవాళ క్లాసు లేదండీ. ఏమైంది?"

"పొద్దుగాల ఆరు గంటలకు లేశి పోయిందట. నేను మార్కెట్‌కు పోయిన, వాళ్లమ్మ నీళ్లకు పోయింది. వచ్చేవరకు లేదు. ఫోను ఇంట్లనే ఇడిశిపెట్టింది. ఎన్నడు ఇడువది. అద్దం కింద ఈ కాయితం ఉన్నది." అతను కాయితం ముందుకు చాపాడు. "మాకు ఇంగ్లీషు రాదు. వాళ్లమ్మ గల్లీల పట్టాభి సారు మెడికల్ షాపుకు ఉరికింది. ఆయన సదివి, కుర్సీల కూలబడ్డడు. తెలంగాణ కోసం సచ్చిపోతున్న అని రాసిందన్నడు. వాళ్లమ్మ ఆడనే పడిపోయింది."

శేషారత్నం కాయితం అందుకుంది. గీత గుండ్రటి చేతిరాత. అయిదు వాక్యాలు.

ఐ యామ్ డయింగ్ ఫర్ తెలంగాణ.

ఐ యామ్ డయింగ్ టు టెల్ అమ్మ అండ్ బాపు.

దే విల్ నాట్ అలౌ మీ.

ఐ యామ్ గోయింగ్ టుమారో.

సారీ అమ్మ.

మొదటి రెండు వాక్యాలు చదవగానే ఆమెకు ఊపిరి అందింది. "లచ్చయ్యగారూ, కంగారు పడకండి. నేనిచ్చిన హోమ్‌వర్క్ ఇది. ఇంగ్లిష్‌లో అలా అంటే చచ్చిపోవడం కాదు, బాగా కోరుకోవడం. నిన్న క్లాసులో నేనే..." అంటూనే మిగతా మూడూ చదివింది.

ఆ మూడింటిలో ఆమె చెప్పిన పాఠం లేదు. అమ్మానాన్నా ఒప్పుకోరు. రేపు వెళుతున్నాను. క్షమించమ్మా. మనసులో ఉన్నది రాయమంది తనే. ఈ పిల్ల మనసులో ఏముందో తనకేం తెలుసు? అడగాల్సిన రోజున అడగకుండా బోర్డు వైపు తిరిగిపోయింది.

"ఆగిన్రేంది? చెప్పున్రి" అన్నాడు లచ్చయ్య. "సచ్చుడు కాదన్నరు గదా. కడమది ఏమున్నది?"

అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. "పైవి రెండూ హోమ్‌వర్కే. కిందవి ఎందుకు రాసిందో తెలీడం లేదు. ఎక్కడికో వెళుతున్నానని రాసింది. అమ్మకు సారీ అని రాసింది."

లచ్చయ్య గేటు ఊచలు పట్టుకున్నాడు. "ఎల్బీనగర్‌కు పోతనని మొన్న ఒకపాలి అడిగింది" అన్నాడు నెమ్మదిగా. "రోడ్డు మీద వంటావార్పు ఉన్నదట, దోస్తులు పోతున్నరట. నేను వద్దన్న. మస్తు తిట్టిన. రెండు నెల్ల కింద ఆ చౌరస్తాల ఒక పిలగాడు ఒంటికి నిప్పు పెట్టుకున్నది తెలిసినోణ్ని, బిడ్డను ఎట్ల తోలుత?"

వంటావార్పు అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే బంతులు తీరి తినడం. ఉద్యమంలో అదొక నిరసన. గీత వెళితే అక్కడికే వెళ్లి ఉంటుంది. ఏం చేయడానికి వెళ్లిందన్నదే ఇద్దరికీ తెలియదు.

"పదండి" అంది శేషారత్నం. కాళ్లకు ఏవి దొరికితే అవి తొడుక్కుని ట్రాలీ ఆటోలో అతని పక్కన ఇరుక్కుని కూర్చుంది.

హైవే మీద ఒక్క బండి లేదు. ఎప్పుడూ గంటల తరబడి హారన్లు మోగే రోడ్డు నున్నగా, ఖాళీగా, ఎండలో తెల్లగా పడుంది. చైతన్యపురి దగ్గర రోడ్డుకడ్డంగా రాళ్లు పెట్టి పదిమంది కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. బంద్ రోజు ఆటో నడిపితే అద్దాలు పగులుతాయి. శేషారత్నం కొంగు బిగించి పట్టుకుంది.

కానీ ఆటోను చూడగానే ఆ కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చి రాళ్లు పక్కకు దొర్లించారు. ఎవరూ నినాదం ఇవ్వలేదు. ఒకడు తలకు కట్టుకున్న గుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు. ఇంకొకడు లచ్చయ్య వైపు చూసి రెండు చేతులూ జోడించాడు.

"వీళ్లకెలా తెలుసు?" అని గొణిగింది శేషారత్నం.

"వచ్చేటప్పుడు ఆపిన్రు. నా బిడ్డ చీటీ రాసిపెట్టి పోయిందని చెప్పిన. అప్పుడే ఎవరికో ఫోన్లు కొట్టిన్రు, బిడ్డను వెతుకుతరేమోననుకున్న." లచ్చయ్య ఆ మాట అని ఆగాడు. "గిప్పుడు దండం ఎందుకు పెడుతున్నరు టీచరమ్మా? ఏమన్న తెలిసిందా వీళ్లకు?"

బండి ఆపి అడిగే ధైర్యం ఇద్దరికీ లేకపోయింది. అడగకుండా ఉన్నంతసేపూ గీత బతికి ఉంటుందన్నట్టు, అతను బండిని అలాగే ముందుకు తోలాడు. కొత్తపేట దాటుతుంటే మార్కెట్ గేటు దగ్గర కూర్చున్న హమాలీలు కూడా లేచి నిలబడ్డారు.

ఎల్బీనగర్ చౌరస్తాకు ఇంకా దూరం ఉండగానే పొగ కనిపించింది. లచ్చయ్య కెవ్వున అరిచాడు. అది పొయ్యిల పొగ. వరసగా పదిహేను ఇరవై పొయ్యిలు, వాటి మీద పెద్దపెద్ద గంజులు. చుట్టూ వేలమంది జనం. కానీ అంతమందిలో ఒక్క గొంతు వినపడటం లేదు. అందరూ నిలబడి ఉన్నారు. అందరి తలలూ వంగి ఉన్నాయి. పొయ్యిల మీద గంజులు మాత్రం తుకతుకా ఉడుకుతున్నాయి.

మైకులో ఒక మగగొంతు వినపడింది. "కొత్తపేట బిడ్డ. పండ్ల మార్కెట్‌ల ఆటో నడిపే ఒక గరీబోని బిడ్డ. డిగ్రీ సదువుకుంటున్న తల్లి. మన కోసం ఇయ్యాల పొద్దుగాల పాణం ఇడిసింది. ఇంకొక నిమిషం మౌనం పాటిద్దాం."

లచ్చయ్య బండి దిగాడు. రెండడుగులు వేశాడు. మూడో అడుగు దగ్గర రోడ్డు మీదే కూర్చుండిపోయాడు. ఏడవలేదు. అరవలేదు. శేషారత్నం వంగి అతని భుజం పట్టుకుంది. వాక్యంలో తప్పు లేదు, కూర్చో. తన గొంతే తన చెవుల్లో మోగింది. ముప్ఫై మంది చూస్తున్నారని, ఒక్క నిమిషం ఇబ్బంది తప్పించుకోవడానికి అన్న మాట.

ఆమె తలెత్తింది, ఎటు చూడాలో తెలియక. దగ్గరలో ఉన్న పొయ్యి పక్కన ఆడవాళ్ల గుంపు తలలు వంచుకుని నిలబడి ఉంది. వాళ్లలో ఒక పిల్ల, పసుపు అంటిన చేతులు ముందుకు పెట్టుకుని, వెక్కివెక్కి ఏడుస్తోంది.

గీత.

శేషారత్నం కళ్లు మూసి తెరిచింది. గీతే. నిన్నటి పచ్చ చుడీదారే వేసుకుంది. ఎవరో తెలియని పిల్ల చచ్చిపోయిందని, తన కోసం తానే మౌనం పాటిస్తూ ఏడుస్తోంది.

లచ్చయ్య భుజాన్ని గట్టిగా కుదిపి అటు చూపించింది. అతను చూశాడు. చాలాసేపు అర్థం కానట్టే చూశాడు. తర్వాత చేతుల మీద, మోకాళ్ల మీద నాలుగడుగులు పాకి, లేచి, జనాన్ని తోసుకుంటూ పరిగెత్తాడు.

"గీతా!"

వేలమంది మౌనంలో ఆ ఒక్క కేక పడింది. తలలన్నీ లేచాయి. గీత తిరిగి చూసి, తండ్రి తిట్టడానికి వచ్చాడనుకుని రెండడుగులు వెనక్కి వేసింది. "బాపూ, గిన్ని పచ్చిమిర్చి కోసిన అంతే, వచ్చేస్తున్న" అంటూ ఏదో చెప్పబోయింది. లచ్చయ్య ఆమె ముఖం, చేతులు, జుట్టు తడుముతున్నాడు. ఎక్కడైనా కాలిందా, ఎక్కడైనా గాయమైందా అని పిచ్చివాడిలా వెతుకుతున్నాడు.

"ఏమైంది బాపూ? ఎవలన్న సచ్చిపోయిన్రా?"

"నువ్వే" అన్నాడతను. అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది. "నువ్వే సచ్చిపోయినవు బిడ్డా."

శేషారత్నం కాయితం గీత చేతిలో పెట్టింది. గీత దాన్ని చూసింది. తోచిన వాక్యాలన్నీ రాత్రి చిత్తుగా రాసుకుని, ఇంకా బాగా రాద్దామని చింపి అద్దం కింద పెట్టిన కాయితం. రేపు వెళుతున్నానంటే ఇక్కడికే. సారీ అంటే చెప్పకుండా వచ్చినందుకు. జనంలో పోతుందని ఫోను ఇంట్లో పెట్టింది. అవన్నీ ఒక్కొక్కటే చెబుతుండగానే, మైకులో చెప్పిన కొత్తపేట బిడ్డ తనేనని గీతకు తెలిసింది. తల తిరిగి, పక్కనున్న ముసలామె కిష్టమ్మను పట్టుకుంది.

జనం చుట్టూ మూగారు. మైకు దగ్గర మాట్లాడినాయన దిగి వచ్చాడు. పెద్దమనిషి, కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఈ బిడ్డేనా? చీటీ రాసి సచ్చిపోయిందని చైతన్యపురి పిలగాండ్లు ఫోను కొట్టిన్రు గదా. మరి గట్ల ఎందుకు రాసింది?" అని అడిగాడు.

"నా తప్పండీ" అంది శేషారత్నం. "నేను ఇంగ్లిష్ టీచర్ని. బాగా కావాలనిపించిన దానికి డయింగ్ ఫర్ అంటారని పాఠం చెప్పాను. ఎక్కడ వాడాలో, ఎక్కడ వాడకూడదో చెప్పలేదు. ఈ అమ్మాయి నన్నడిగింది కూడా. అయినా చెప్పలేదు."

నాలుగు మాటలు అయ్యేసరికే ఆమెది ఏ ప్రాంతమో చుట్టూ అందరికీ తెలిసిపోయింది. "ఆంధ్రా టీచరా?" అని ఎవరో అన్నారు. ఇంకెవరో ఏదో గట్టిగా అనబోయారు. గీత కళ్లు తుడుచుకుని ముందుకొచ్చింది.

"మా మేడమే. రాసింది నేను. చావాలని రాయలే. తెలంగాణ చూడాలని పాణం కొట్టుకుంటున్నదని రాసిన. ఇంగ్లీష్‌ల గట్లనే అంటరు."

అక్కడక్కడా నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు. పెద్దమనిషి మైకు దగ్గరకు వెళ్లి, "బిడ్డ బతికే ఉన్నది" అని ఒక్క మాట చెప్పి, ఇంకా ఏదో చెప్పాలని ప్రయత్నించి, చెప్పలేక మైకు పక్కవాడికి ఇచ్చేశాడు. చప్పట్లు లేవు. కిష్టమ్మ మాత్రం గీత రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది.

"నీ పక్కన నిలవడి నీ కోసమే ఏడ్చిన గదనే పిల్లా! నా గుండె ఆగిపోతే ఎవరు జిమ్మేదారి?"

గీత తల్లి అరుణమ్మకు ఫోనులో చెప్పారు. ఆమె నమ్మలేదు. గీత గొంతు వినిపించినా నమ్మలేదు. "తీసుకరాన్రి. కండ్లజూస్తెగని నమ్మ" అని పెట్టేసింది.

కొత్తపేట సందులో వాళ్ల గది ముందు ఇరవైమంది దాకా చేరి ఉన్నారు. అరుణమ్మ గడపకు ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. మెడికల్ షాపు పట్టాభి పక్కనే స్టీలు గ్లాసుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాడు. అతనిది తణుకు. ఉద్యమం మొదలయ్యాక ఆ సందులో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా తన పని తాను చూసుకుంటున్న మనిషి. గీతను చూడగానే అతను గ్లాసు గడప మీద పెట్టేశాడు.

అరుణమ్మ లేవలేదు. కూతురి పాదం పట్టుకుంది. తర్వాత మణికట్టు పట్టుకుని కిందికి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. తిట్టలేదు, ఏడవలేదు. ఆ మణికట్టు వదల్లేదు.

"అమ్మా, నన్ను క్షమించండి" అన్నాడు పట్టాభి. "ఉన్నదున్నట్టు చదివేశాను. ఇంకో అర్థం ఉంటుందని నాకు తట్టనే లేదు. రోజూ పేపర్లో అవే చూస్తున్నాం కదా."

"నువ్వు ఉన్నదే సదివినవు సారూ" అంది అరుణమ్మ. తర్వాత శేషారత్నం వైపు చూసింది. "టీచరమ్మా, ఇష్టమైతే ఇష్టమని రాయొచ్చు గదా? నడుమ సచ్చుడెందుకు?"

శేషారత్నం తలదించుకుని చెప్పింది. "మనమూ అంటాం కదమ్మా. ఆకలితో చచ్చిపోతున్నానంటాం, ఎండకు చస్తున్నామంటాం."

అరుణమ్మ తల ఊపింది. "అంటం" అంది. "రోజుకు నూరుసార్లు అంటం. కని కాయితం మీద రాసి పెట్టిపోం."

పదకొండేళ్లుగా శేషారత్నం ఆ జాతీయం చెబుతోంది. దాని గురించి ఇంతకన్నా సరైన మాట ఏ పుస్తకంలోనూ ఆమెకు దొరకలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. సందులో జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఎవరింట్లోనూ పొయ్యి వెలగలేదు. గీత భయపడుతూనే అడిగింది. "బాపూ, ఆడ అన్నం అయిపోయి ఉంటది. నన్ను చూసినోళ్లంత ఎదురుచూస్తుంటరు. ఒక్కసారి పోయొస్తా?"

శేషారత్నం ఉలిక్కిపడింది. లచ్చయ్య కొడతాడేమో అనుకుంది. లచ్చయ్య భార్య వైపు చూశాడు. అరుణమ్మ పిల్ల మణికట్టు పట్టుకునే లేచి నిలబడింది.

"ఇది ఒక్కతె పోదు. నేను గూడ వస్త" అంది. "టీచరమ్మా, నువ్వూ రా. పొద్దటిసంది నీ నోట్ల చుక్క నీళ్లు పడలే."

శేషారత్నం వద్దందామనుకుంది. ఆ చౌరస్తాలో ఆంధ్రా టీచరా అన్న గొంతు ఇంకా చెవిలో ఉంది. కానీ ఒంటరిగా ఇంటికి వెళ్లి గది తలుపు వేసుకునే శక్తి కూడా ఆమెలో మిగల్లేదు. ట్రాలీలో తల్లీకూతుళ్ల పక్కన, బత్తాయి వాసన పట్టిన గోనెల మీద కూర్చుంది.

ఎల్బీనగర్‌లో జనం రోడ్డు పొడవునా బంతులు తీరి కూర్చున్నారు. గీతను చూసి చాలామంది లేచి నిలబడ్డారు. కొందరు దగ్గరికొచ్చి ఆమె తల నిమిరి వెళ్లారు. ఆ పిల్ల ఎవరి కళ్లలోకీ చూడలేకపోయింది. నలుగురూ ఒక వరస చివర కూర్చున్నారు. విస్తరాకుల్లో పులిహోర, పప్పు వడ్డించారు. శేషారత్నం ముద్ద కలిపింది కానీ నోటిదాకా ఎత్తలేకపోయింది. అటు పక్కన లచ్చయ్య వంచిన తల ఎత్తకుండా, వడ్డించింది వడ్డించినట్టు తింటున్నాడు. కన్నీళ్లు విస్తట్లో పడుతున్నాయి.

అరుణమ్మ ఎడంచేత్తో కూతురి కుడి మణికట్టు పట్టుకునే ఉంది. ఎడంచేత్తో తినలేక గీత విస్తరి ముందు అలాగే కూర్చుంది. చెయ్యి వదలమని మాత్రం అడగలేదు.